బజారును దేవళమును: ఒక ఉపమానముయొక్క పరీక్ష

ఒక గ్రంథము ప్రసిద్ధి చెందిన పిమ్మట దానిలోని వాదముకంటె దాని పేరే యెక్కువ పనిచేయుట సాహిత్యలోకమున క్రొత్త కాదు. వాదమును చదివినవారు కొందఱు. పేరును వినినవారు వేలకొలది. ఆ పేరులో ఒక ఉపమానము కూడ నున్నచో చెప్పనక్కఱలేదు. ఉపమానమే సిద్ధాంతమై కూర్చుండును. అమెరికా దేశస్థుడగు ఎరిక్ రేమండు 1997వ సంవత్సరమున వ్రాసిన ‘కథీడ్రలు, బజారు’ అను వ్యాసమునకు ఇట్టి గతియే పట్టినది. అది కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికొఱకు వ్రాసినదైనను, దాని ప్రభావము ఆ వృత్తిని దాటి విద్యాశాఖలకును, ప్రభుత్వకార్యాలయములకును, విజ్ఞానసర్వస్వములకును ప్రాకినది. పదుగురు కలిసి ఉచితముగ చేయు పని యనగానే నేటి విద్యావంతుల మనస్సున మెదలు చిత్రము చాలవఱకు ఈ వ్యాసము గీసిన చిత్రమే. కావున దీనిని మఱియొకసారి చదివి, ఆ చిత్రమున ఎవరు కనబడుచున్నారో, ఎవరు కనబడుట లేదో చూడదలచితిమి.

ఇది మన యింటికి సంబంధింపని విషయమని చదువరులు పుట త్రిప్పవలదు. మనవారి చేతులలోని ఫోనులలో అధికభాగము ఆండ్రాయిడు ఫోనులు. వానికి పునాది లినక్సు. ఆ లినక్సు మూలలిఖితము ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును. మూలలిఖితమనగా మనుష్యుడు చదువుకొనుటకు వీలుగ వ్రాసిన ఆజ్ఞల వరుస. యంత్రమునకు పనికివచ్చునట్లు మార్చిన రూపము వేఱు. వ్యాపారసంస్థలు సామాన్యముగ ఆ రెండవదానినే అమ్మును. వంటకమును వడ్డించి, వండినవిధమును మాత్రము వంటింటి తలుపు వేసికొని దాచుకొనుట వంటిది ఈ పద్ధతి. తలుపు తీసి యుంచు పద్ధతికే ఓపెన్ సోర్సు అని పేరు.

తలుపు తీయవలెనను పట్టుదల రేమండుతో పుట్టినది కాదు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకు ఒక క్రొత్త ముద్రణయంత్రము వచ్చెను. పాత యంత్రములో కాగితము చిక్కుపడినపుడు అందఱికిని తెలియునట్లు అచ్చటి రిచర్డు స్టాల్మను దాని ప్రోగ్రామును మార్చియుండెను. క్రొత్తదానికిని అట్లే చేయుదమన్నచో మూలలిఖితము లేదు. అది తమయొద్దనున్న మఱియొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఈయనని మాట యిచ్చితినని ఆయన నిరాకరించెను. అడిగినది ఒక చిన్న సాయము. ఆ నిరాకరణము స్టాల్మనుకు ధర్మభంగముగ తోచెను. 1983లో ఆయన గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లీనసు టోర్వాల్డ్సు అను యువకుడు లినక్సును మొదలుపెట్టి లోకము ముందుంచగా, ముక్కుమొగము తెలియని వారెందఱో దానిలో చేయి కలిపిరి. ఇంతమంది యింత గందరగోళముగ పనిచేయుచుండగా ఆ కట్టడము కూలిపోవలసినది, కూలకపోగా నిలిచినది. ఇది యెట్లు సాధ్యమైనదని రేమండు అడిగిన ప్రశ్న. అది మంచి ప్రశ్న.

ఈ ప్రశ్నకు వెనుక ఒక పెద్ద పూర్వపక్షము కలదు. 1975లో ఫ్రెడ్ బ్రూక్సు అను అనుభవశాలి, ఆలస్యమైన ప్రోగ్రాము పనిలోనికి క్రొత్తవారిని చేర్చిన అది మఱింత ఆలస్యమగునని తన గ్రంథమున స్థాపించియుండెను. మనుష్యులు పెరిగినకొలది వారు ఒకరితోనొకరు చెప్పుకొనవలసిన మాటలు అంతకు మించి పెరుగును. పెండ్లియింట పదిమంది వంటవారు చేరినప్పుడు జరుగు ముచ్చట ఎఱిగినవారికి దీనిని వివరింప పనిలేదు. రేమండు ఈ పూర్వపక్షమును తప్పించుకొనిపోలేదు. దోషములు వెదకు పని కోడు వ్రాయు పనివలె కాదనియు, వెదకువారు ఒకరితోనొకరు మాటలాడుకొనకున్నను నష్టము లేదనియు, చూచువారు పెరిగినకొలది దోషములు త్వరగ బయటపడుననియు ఆతని సమాధానము. దీనికి టోర్వాల్డ్సు పేరు పెట్టి ఒక న్యాయముగ ప్రకటించెను.

వ్యాసరచనయందు రేమండు నేర్పరి యని మేము మనఃపూర్వకముగ ఒప్పుకొనుచున్నాము. ఆతడు సిద్ధాంతముతో మొదలుపెట్టడు. తన పనితో మొదలుపెట్టును. ఉత్తరములను తెచ్చియిచ్చు ఒక చిన్న ప్రోగ్రామును మునుపటి సంరక్షకుని చేతినుండి తాను స్వీకరించి, ఫెచ్‌మెయిలని పేరు మార్చి, లినక్సు పద్ధతిలో నడిపి చూచితినని కథగ చెప్పుచు, సందర్భము వచ్చినపుడెల్ల ఒక్కొక్క సూత్రమును దింపుచుండును. చదువరికి ఉపన్యాసము వినుచున్నట్లుండదు. ప్రక్కన కూర్చుండి పని చూచుచున్నట్లుండును. 1997 మే నెలలో జర్మనీలోని వుర్జుబర్గు నగరమున చదువబడిన యీ వ్యాసము, మఱుసటి సంవత్సరము జనవరిలో నెట్‌స్కేపు సంస్థ తన ప్రోగ్రాముయొక్క మూలలిఖితమును వెలువరింప నిశ్చయించుటకు ప్రేరకములలో నొకటి యయ్యెను. ఒక వ్యాసము ఇంత పని చేయుట అరుదు.

ఇక ఉపమానమును చూతము. మన ఆలంకారికులు పూర్ణోపమకు నాలుగు అంగములు చెప్పిరి: ఉపమేయము, ఉపమానము, వాచకము, సాధారణధర్మము. వ్యాసములోపల రేమండు సాధారణధర్మమును చెప్పియేయున్నాడు. కొలదిమంది ఏకాంతమున కూర్చుండి, సంపూర్ణమగువఱకు బయటపెట్టక కట్టునది కథీడ్రలు. త్వరత్వరగ బయటపెట్టుచు, వచ్చినవారందఱి మాటయు వినుచు సాగునది బజారు. అయితే లోకమునకు చేరినది శీర్షిక మాత్రమే. శీర్షికలో ధర్మము లోపించినది; లోపించిన ధర్మమును ఎవరికి తోచినట్లు వారు పూరించుకొనిరి. కథీడ్రలనగా ధనికుల సొత్తు, బజారనగా ప్రజల సొత్తు అని కొందఱు. కథీడ్రలనగా అమ్మకపు సరకు, బజారనగా ఉచితవస్తువు అని మఱికొందఱు. నిజమునకు రేమండు కథీడ్రలు పద్ధతికి చూపిన ఉదాహరణములు స్టాల్మను ఉద్యమమున పుట్టిన ఉచితమైన ప్రోగ్రాములే! వ్యాసమును చదివినవారు కూడ ఈ సంగతి మఱచుట మేము పలుమాఱు చూచితిమి.

ఉపమానముల స్వభావమైనను సరిగ పట్టబడినదా? ఐరోపాలోని మహాదేవళములు ఏకాంతవాసులగు కొందఱు మంత్రజ్ఞులు కట్టినవి కావు. కొలోను నగరపు దేవళము 1248లో మొదలై 1880లో ముగిసినది. తరతరముల శిల్పులు, వడ్రంగులు, కూలివాండ్రు చేతులు వేసిన పని యది. పునాది వేసినవాడు శిఖరము చూడలేదు. శిఖరమెత్తినవానికి పునాది వేసినవాని పేరు తెలియదు. చెదరియున్న పలువురు కాలక్రమమున కలిసి చేసిన పనికి ఇంతకంటె మంచి యుదాహరణము మాకు తోచదు. ఇక బజారు. ఈ మాట పారసీకమునుండి రేమండుకును మనకును సమానముగ వచ్చినదే గాని, మనము దానిలో నడచి పెరిగినవారము. మన సంతలో ఎవరికి తోచినచోట వారు గంప దింపుటకు వీలులేదు. ఆశీలు పాడుకొనినవాడు తెల్లవాఱకమునుపే వచ్చి నిలుచుండును. తూనికఱాళ్లమీద ముద్ర యుండవలెను. ఎవరి బేరము ఎచ్చట కూర్చుండవలెనో తాతలనాడు ఏర్పడినది. దానిని దాటబోయిన క్రొత్త వర్తకురాలికి ఎదురగు మాటలు ఇచ్చట వ్రాయదగినవి కావు. దూరమునుండి చూచువానికి సంత గోల; లోపలనున్నవానికి అది కట్టుబాటు. రేమండు గోలను విని కట్టుబాటును వినలేదు.

ఆతని స్వానుభవమే ఇందుకు సాక్ష్యము. ఫెచ్‌మెయిలులో ఏ మార్పు చేరవలెనో, ఏది చేరరాదో నిర్ణయించినవాడు రేమండొక్కడే. నాయకునికి ఇతరుల మంచి యోచనలను గుర్తించు శక్తియు, మనుష్యులతో మెలగు నేర్పును ఉండవలెనని ఆతడే వ్రాయుచున్నాడు. అది ముఖ్యవిషయము; కాని దానిని షరతువలె ఒక మూల చెప్పి సాగిపోయినాడు. వ్యాసమంతయు గుమికూడినవారిని గుఱించి. గుమిని నిలిపినవానిని గుఱించి రెండు మూడు పుటలు.

గుమి ఎంత పెద్దదో కొలిచి చూచిన పరిశోధకులు తరువాత వచ్చిరి. అపాచీ యను ప్రోగ్రాము ఒకప్పుడు లోకములోని వెబ్‌సైటులలో అధికభాగమును నడపెను. దానిని గుఱించి మాకసు, ఫీల్డింగు, హెర్బ్స్‌లెబు అను మువ్వురు జరిపిన శోధనము 2002లో సమగ్రముగ వెలువడినది. కోడును ఇచ్చినవారు సుమారు 400 మంది. వారిలో మొదటి 15 మంది చేసిన మార్పులే మొత్తములో ఐదింట నాలుగు పాళ్లకు మించినవి. దోషములను తెలియజేసినవారు మాత్రము దాదాపు 3,000 మంది. ఈ అంకెలు రేమండుకు కొంత అనుకూలము: చూచువారు నిజముగ వేలసంఖ్యలో నుండిరి. కొంత ప్రతికూలము: చేయువారు పదిహేనుగురు. అదే 2002లో సందీప్ కృష్ణమూర్తి యనువారు పరిపక్వదశకు వచ్చి చురుకుగ సాగుచున్న నూఱు ప్రోగ్రాములను లెక్కించి చూడగా, పని చేయువారి మధ్యమసంఖ్య నాలుగు. అన్నిటికంటె తఱచుగ కనబడిన సంఖ్య ఒకటి. ఒక్కడు! బజారని పేరుపెట్టిన చోట దుకాణము తెఱచి ఒక్కడు కూర్చుండియున్నాడు.

ఒక్కడుండుటలో తప్పేమి, పని జరుగుచున్నది గదా యని అడుగువారికి 2014 ఏప్రిలు నెల సమాధానము చెప్పినది. ఇంటర్నెట్టులో మనము వ్రాయు రహస్యాక్షరములను, బ్యాంకు లెక్కలను మూడవవాడు చదువకుండ కప్పియుంచు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను ప్రోగ్రామున ఒక దోషము బయటపడెను. దానికి హార్టుబ్లీడని పేరు పెట్టిరి. దూరమున నున్నవాడు అడుగరాని ప్రశ్న యొకటి అడిగిన, సర్వరు తన జ్ఞాపకములోని ముక్కలను తీసి వానికి చూపుచుండెను. 2012 మార్చిలో వెలువడిన ప్రతినుండి రెండేండ్లు ఆ దోషము అందఱి కన్నులయెదుటనే యున్నది. మూలలిఖితము తెఱచియే యున్నది, చదువుటకు అడ్డు లేదు, చదువువాడు లేడు. అప్పటికి లోకములోని వ్యాపారమునకు తాళముచెవివంటి ఆ ప్రోగ్రామునకు ఏటికి వచ్చుచుండిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. దోషము బయటపడిన నెలలోనే పెద్ద సంస్థలు కొన్ని లినక్సు ఫౌండేషను ద్వారా ధనము కూర్చుటకు ముందునకు వచ్చెను. ఇల్లు కాలినపిమ్మట నూయి త్రవ్విరని నిందింపవచ్చును. త్రవ్వుట మంచిదేయని మాత్రము ఒప్పుకొనవలెను.

దీనికంటె మా మనస్సును కలచినది 2024వ సంవత్సరపు ఉదంతము. ఎక్సు.జడ్. అనునది పెద్ద లిఖితములను చిన్నవిగ కుదించు ఒక సాధనము. దానిని ఏండ్ల తరబడి ఒంటరిగ కాపాడుచు వచ్చినవాడొకడు. 2021 నుండి జియా తాన్ అను పేరుతో ఒకరు వచ్చి మంచి మార్పులు పంపుచు, వినయముగ మెలగుచు, సాయము చేయసాగిరి. ఇదే సమయమున వేఱువేఱు పేర్లతో మఱికొందఱు ఆ సంరక్షకుని పొడువసాగిరి: పని నెమ్మదిగ సాగుచున్నది, చేతకానిచో మఱియొకరికి అప్పగింపుము, అని. ఇది జీతము లేని పని యనియు, తన శక్తి పరిమితమనియు ఆతడు బదులు వ్రాసికొనవలసివచ్చెను. తుదకు క్రొత్తవానికి అధికారములో భాగమిచ్చెను. 2024 మొదట వెలువడిన రెండు ప్రతులలో ఆ క్రొత్తవాడు దొంగద్వార మొకటి దాచిపెట్టెను. ఎన్నో సర్వరులలోనికి అనుమతి లేక దూఱుటకు తగిన ద్వారమది. దానిని పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండను ఇంజనీరు. తన యంత్రములోనికి ప్రవేశించుటకు ఉండవలసిన కాలముకంటె అర సెకను ఎక్కువ పట్టుచున్నదని ఆతనికి తోచెను. అర సెకను! మనలో ఎవరైనను దానిని గమనింతుమా? గమనించినను పట్టించుకొందుమా? ఆతడు పట్టించుకొని వెనుకకు వెనుకకు వెదకి, మార్చి 29వ తేదీన లోకమునకు తెలియజేసెను.

రేమండు పక్షమువారు దీనిని తమ విజయముగ చెప్పుకొనిరి. మూలలిఖితము తెఱచియుండబట్టియే గదా ఫ్రాయిండు వెదుకగలిగెను అని వారి వాదము. ఇది సత్యమే, మూసిన ప్రోగ్రామైనచో ఆతడు గోడవద్ద ఆగిపోయియుండును. కాని చూచినవి వేలకన్నులు కావు, రెండు కన్నులు. అవియు ఆ పనికై నియమింపబడినవి కావు. దొంగ యెన్నుకొనిన ద్వారమును కూడ చూడుడు. ఆతడు ప్రోగ్రాములోని బలహీనతను మొదట వెదకలేదు. మనుష్యుని అలసటను వెదకెను. ఉపమానములో కనబడని వ్యక్తి ఎవరో దొంగకు తెలిసినది, విమర్శకులకు తెలియలేదు.

ఈ వ్యక్తిని పుట మధ్యకు తెచ్చినది నాడియా ఎగ్బాలు అను రచయిత్రి. 2016లో ఫోర్డు ఫౌండేషను కొఱకు ఆమె వ్రాసిన నివేదికయు, 2020లో వెలువడిన ‘వర్కింగ్ ఇన్ పబ్లిక్’ అను గ్రంథమును రేమండు వ్యాసమునకు సరియైన ప్రత్యుత్తరములని మా యభిప్రాయము. నివేదికయొక్క పేరులోనే రోడ్లు, వంతెనలు వచ్చినవి. రోడ్డు వేసిన రోజున పూలదండలుండును; గుంట పూడ్చిన రోజున ఉండవు. గ్రంథములో ఆమె చేసిన ముఖ్యమైన భేదము ఇది: ఒకసారి వ్రాసిన కోడును ఎందఱు వాడుకొనినను తఱుగదు, దానిని చూచుకొనువాని వేళ మాత్రము తఱుగును. విద్యాధనము ఈయగా పెరుగునని మన సుభాషితకారులు చెప్పినది మేము ఏటేట పిల్లలచేత వల్లింపజేయుచున్నాము. విద్య పెరుగుటలో సందేహము లేదు. నలువదియైదుగురి వ్రాతపుస్తకములు ముందుంచుకొనిన సాయంకాలము పెరుగునా? ఈ రెంటిని వేఱుచేయక, ఉచితవిజ్ఞానమును గుఱించి ఇంతకాలము ఇంత వ్రాసిరి. యోఖై బెంక్లరు వంటి గొప్ప పండితుడు 2006లో వ్రాసిన ‘ది వెల్త్ ఆఫ్ నెట్‌వర్క్స్’ లోను తలుపు తెఱచుటవలని లాభమునకు దొరకిన ఆదరము తలుపు కాయువాని శ్రమకు దొరకలేదు.

ఎగ్బాలు ఈ ప్రోగ్రాములను నాలుగు తెగలుగ విభజించెను. వాడువారును చేయువారును ఎక్కువైనవి కొన్ని. చేయువారు ఎక్కువై వాడువారు తక్కువైనవి కొన్ని. ఇద్దఱును తక్కువైనవి కొన్ని. నాలుగవదానిని ఆమె క్రీడారంగముతో పోల్చినది: మైదానమున ఒకరో ఇద్దఱో, చుట్టును మెట్లమీద లక్షలమంది. ఈ ఉపమానము బజారుకంటె మేలని మాకు తోచినది. దీనిలో ధర్మము లోపింపలేదు. ఒంటరితనమును, గోలయును రెండును కనబడుచున్నవి. మెట్లమీదివారందఱును మైదానములోనికి దిగిన ఆట సాగదను కఠినసత్యము కూడ దీనిలో నున్నది. వచ్చిన ప్రతి సలహాయు సాయము కాదు. చదివి, విచారించి, మర్యాదగ కాదనుటకు కూడ ఒక పూట పట్టును. రేమండు వ్యాసమున ప్రతి క్రొత్తవాడును లాభమే. ఎగ్బాలు గ్రంథమున ప్రతి క్రొత్తవాడును మొదట వ్యయము.

అయితే ఆమె సూచించిన ఉపాయముతో మేము పూర్తిగ ఏకీభవింపజాలము. సంరక్షకుని ఒక కళాకారునివలె చూచి, ఆతని అభిమానులు ఆతని పోషింపవలెనను భావము గ్రంథమున పలుచోట్ల కనబడును. గిట్‌హబ్బు సంస్థ 2019లో అట్టి చందాలకు ఏర్పాటు చేసినది కూడ. ఇది వినగానే మాకు మన వారములు జ్ఞప్తికి వచ్చినవి. సోమవారము ఒక యింట, మంగళవారము మఱియొక యింట భోజనము చేసి శాస్త్రము చదివిన పిల్లలు మన తాతలతరమున ఊరూర నుండిరి. సూత్రమొకటి యెఱుగని యిల్లాలు వ్యాకరణమును ఆ విధముగ నిలిపినది. పాణినిని కాత్యాయనుడు సవరింపగా, కాత్యాయనుని పతంజలి విచారింపగా, వెనుకటివాని మాటకే ప్రామాణ్యమెక్కువయని యొప్పుకొనిన ఉదారశాస్త్రమది. ఓపెన్ సోర్సువారు అసూయపడదగిన పద్ధతి. కాని ఆ వారములను పొగడునప్పుడు రెండు సంగతులు దాచరాదు. ఏ యింటనో ఆ పూట మైలవచ్చినచో పిల్లవాడు పస్తుండెను. ఎవరికి కోపము వచ్చినను వారము పోయెను. ఆ తలుపు ఏ కులమువారికి తెఱచియుండెనో, ఎవరికి మూసియుండెనో మన పాఠకులకు చెప్పనక్కఱలేదు. అభిమానుల చందాలమీద ఆధారపడిన సంరక్షకుడు వారములపిల్లవానివంటివాడు. లాభము పొందుచున్న సంస్థలు కట్టవలసిన రుసుమునకు అభిమానమని పేరుపెట్టుట మాకు సమ్మతము కాదు. హార్వర్డు పండితులు 2024లో వెలువరించిన ఒక గణనము ప్రకారము, సంస్థలు ఈ ఉచితప్రోగ్రాములు లేక తమంత తాము వ్రాయించుకొనవలసివచ్చినచో అగు వ్యయము సుమారు 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఆ ప్రోగ్రాములను ఒక్కసారి వ్రాయించుటకగు వ్యయము 415 కోట్ల డాలర్లు. ఆ పెద్ద మొత్తములో నూటికి 96 పాళ్లు కల్పించినవారు వ్రాయువారిలో నూటికి ఐదుగురు. ఇట్టి లెక్కలు ఊహలమీద కట్టినవే. అయినను వాని మధ్యనున్న దూరము ఊహవలన పుట్టినది కాదు.

తలుపు తెఱచియుండుటకును లోనికి రాగలుగుటకును గల భేదమును స్త్రీల విషయమున చూడవచ్చును. 2002లో ఐరోపాలో జరిగిన పరిశీలనమున ఓపెన్ సోర్సు పనివారిలో స్త్రీలు నూటికి సుమారు ఒకరు. 2017లో గిట్‌హబ్బువారు అడిగి తెలిసికొనినపుడు నూటికి ముగ్గురు. ఎవరిని రావలదనలేదు గదా, రానివారిది వారి యిష్టమని సమాధానము చెప్పువారు కలరు. అట్టివారు 2017లో ప్రకటితమైన మఱియొక శోధనమును చదువవలెను. స్త్రీలు పంపిన మార్పులు మొత్తముమీద పురుషులు పంపినవానికంటె ఎక్కువగ అంగీకరింపబడినవి. అయితే పరిచయము లేని చోటికి పంపునపుడు, పంపినది స్త్రీయని పేరునుబట్టియో చిత్రమునుబట్టియో తెలిసినచో, ఆ యంగీకారము పురుషులకంటె తగ్గినది. పని మాఱలేదు, పేరు కనబడినది, అంతే. బాలికాపాఠశాలల తలుపులు తెఱచిన తరువాత కూడ పంతులుగారి ప్రశ్నలు మగపిల్లలవైపే పోవుటను చూచినవారము గనుక మాకు ఈ ఫలితము వింతగ తోచలేదు. రేమండు వ్యాసములో ఈ ప్రసంగమే లేదు. ఎగ్బాలు గ్రంథమునను ఇది ఉండవలసినంత లేదు.

తెఱచిన లెక్కలను, అనగా ఓపెన్ డేటాను గుఱించి ఒక మాట. ఇచ్చట చరిత్ర మఱింత ఉజ్జ్వలము. మానవజన్యుపటమును సిద్ధముచేయుచుండిన శాస్త్రజ్ఞులు 1996లో బెర్ముడా ద్వీపమున సమావేశమై, కనుగొనినదానిని 24 గంటలలో లోకమునకు వెలువరింపవలెనని కట్టుబాటు చేసికొనిరి. తన పేరున వ్యాసము వెలువడువఱకు ఫలితమును పెట్టెలో దాచుకొను పండితులలో ఇట్టి త్యాగము సామాన్యము కాదు. అయితే ఆ అక్షరములను వరుసపెట్టి, సరిచూచి, ఏండ్లతరబడి నిలిపినది జీతములు గల సంస్థలు. మన దేశమున 2012లో ప్రభుత్వలెక్కలను ప్రజలకిచ్చు విధానమేర్పడినది; దానిని మేము స్వాగతించితిమి. పాఠశాలలో పిల్లలకు చూపుదమని ఒకమాఱు ఒక కార్యాలయపు పట్టికను తెఱువగా అది కాగితమునకు తీసిన ఛాయాచిత్రము. అంకెలను కూడుటకు వీలులేదు. తలుపు తెఱచిరి, దీపము పెట్టలేదు.

మన భాషకు వత్తము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, ఆ పని ముగియకమునుపే 1923లో గతించిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఎవరైనను వ్రాయదగిన సర్వస్వము. లక్ష్మణరావుగారి కల ఇక కోట్లమంది చేతులమీద నెఱవేఱునని అనుకొనినవారము మేమును. నేడు ఏ వ్యాసముయొక్క మార్పులచరిత్రను విప్పి చూచినను తఱచుగ అవే కొన్ని పేర్లు కనబడును. ఛందస్సును గుఱించిన ఒక పుటలో గణవిభజన తప్పుగ నున్నదని మేము రెండేండ్లు తరగతిలో పరిహాసము చేసితిమి గాని, దిద్దుటకు పది నిమిషములు దొరకలేదు. మూడవయేట చూచునప్పటికి ఎవరో దిద్దిరి.

ఇంకొక సంగతి వ్రాసి ముగింతుము. మా ప్రశ్నపత్రములకు వాడు ఉచితమైన తెలుగు అక్షరరూపమొకటి కలదు. దానిలో కొన్ని సంయుక్తాక్షరములు విఱిగి, వత్తు ప్రక్కకు జాఱుచుండెను. దానిని చేసినవానికి కొంత పరుషముగనే ఉత్తరము వ్రాసితిమి. నాలుగు నెలలకు, అర్ధరాత్రి దాటిన వేళ పంపిన బదులు వచ్చినది. వేఱొక ఉద్యోగము చేసికొనుచు తీఱిక దొరకిన రాత్రులు ఈ పని చేయుచుందుననియు, ఆలస్యమునకు మన్నింపవలెననియు, ఇట్లు విఱుగు అక్షరములు ఇంకెన్ని కలవో పట్టిక వ్రాసిపంపిన మిక్కిలి ఉపకారమగుననియు దానిలో నున్నది. పదవ తరగతి పిల్లలు రెండు పూటలు కూర్చుండి 38 అక్షరములు పట్టి వ్రాసి యిచ్చిరి. ఆ కాగితము మా బల్లసొరుగులో నున్నది, పరీక్షలు వచ్చిపోయినవి, ఇంకను పంపలేదు.